రెండు కొలబద్దల మధ్య

భార్య ప్రాణం పోయిన సమయానికి లిఫ్టు మెకానిక్ ఒక ఆఫీసు భవనంలో ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి ఉక్కు తాళ్ళు పరీక్షిస్తున్నాడు. నూనె మరకలు పడతాయని చొక్కా విప్పి పైన మోటారు గదిలో మేకుకి తగిలించాడు. ఫోను ఆ చొక్కా జేబులో ఉంది. ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ చేసింది కూతురే. పని ముగించి, చేతులు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని ఫోను చూసుకునేసరికి అంతా అయిపోయింది. భార్య పనిచేసే బైండింగు షాపులో పుస్తకాల దొంతరని ప్రెస్సు కింద పెడుతూ "తల తిరుగుతోంది, ఒక్క నిమిషం కూర్చుంటా" అందట. కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు.

అప్పటికి అతనికి యాభై నాలుగేళ్ళు. మనిషి పొట్టి, మాట పొదుపు. లిఫ్టు పనికి ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్ళాలి, ఒకరు పైన ఉంటే ఒకరు కింద ఉండాలి. అతని జోడీని అందరూ 'గ్రీజు' అని పిలిచేవారు. ఇరవై ఏళ్ళుగా గ్రీజు మాట్లాడేవాడు, ఇతను వినేవాడు. ఇంట్లోనూ అంతే. భార్య మాట్లాడేది, ఇతను వినేవాడు.

ఆవిడకి నోరూ ఊరుకునేది కాదు, కాలూ నిలిచేది కాదు. బైండింగుకి వచ్చిన ప్రతి కాగితాన్నీ చదవందే కుట్టేది కాదు. అలా చదివే ఒకసారి వాగు సంరక్షణ సంఘం వారి వార్షిక నివేదిక దగ్గర ఆగిపోయింది. ఊరికి పైనున్న రాళ్ళ గుట్టల్లో పుట్టి, పాత గిడ్డంగుల వెనకనుంచి ఊళ్ళోకి దిగే వాగది. ఊళ్ళో సగం మంది దాన్ని మురిక్కాలువ అనే అనేవారు. సంఘం పెట్టింది మాత్రం రిటైరైన ఒక జీవశాస్త్రం టీచరమ్మ. ఆవిడతో కలిసి పదిహేనుమంది దాకా ఉండేవారు. సైకిళ్ళ షాపు మీద ఒక గది వాళ్ళ ఆఫీసు. ఒడ్డున చెత్త ఏరడం, పిచ్చి తీగలు పీకి ఆ నేలకి తగిన గడ్డీ పొదలూ నాటడం, పిట్టల్ని లెక్కపెట్టడం, వాన నీళ్ళు జారి వాగులో కలిసే నేలంతటినీ ఎవరూ పూడ్చకుండా చూడటం వాళ్ళ పని. నివేదిక తీసుకెళ్ళడానికి వచ్చిన టీచరమ్మని ఇతని భార్య నిలదీసింది. "నలభయ్యో పేజీలో నీటిమట్టం కొలతలు సగమే ఉన్నాయేంటండీ?"

"రోజూ వెళ్ళి కొలిచేవాళ్ళు లేరమ్మా" అంది టీచరమ్మ.

మర్నాటి నుంచి ఆవిడ వెళ్ళడం మొదలుపెట్టింది. మూడేళ్ళు వెళ్ళింది. కొలతలు రాసే పుస్తకం కూడా సొంతంగా, మందపాటి దారంతో కుట్టుకుంది. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుంటుంటే మొగుడు మంచం మీదనుంచే అనేవాడు, "మగాళ్ళకి సవతులుండరంటారు. నాకుంది. రోజూ తెల్లారకుండానే పిలుస్తుంది."

"కుళ్ళుకోకండి, మీకూ పరిచయం చేస్తాలెండి" అనేది ఆవిడ. రెండుసార్లు తీసుకెళ్ళింది కూడా. అతనికి బురద, దోమలు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆవిడ పోయాక నాలుగు రోజులు ఇంటినిండా జనం. ఐదో రోజు పొద్దుటికి కూతురు తప్ప అందరూ వెళ్ళిపోయారు. అతను ఎప్పటిలాగే అయిదింటికి లేచాడు. కూతురు లోపలి గదిలో నిద్రపోతోంది. గాలి కోసం వీధి తలుపు తీయబోతే, తలుపుకి అడ్డంగా ఆవిడ గుడ్డసంచీ ఉంది. అందులో కుట్టిన పుస్తకం, పెన్సిలు, ఉష్ణోగ్రత చూసే గాజు గొట్టం. పక్కన బూట్లు. సంచీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తోచలేదు. మంచం మీద పెట్టాలా, బీరువాలోనా, ఆవిడ చీరల మీదా? అది అలా చేతిలో ఉండగానే బయటికి నడిచాడు.

వాగు మీద చిన్న కల్వర్టు, దాని స్తంభానికి బిగించిన తెల్లటి ఇనుప కొలబద్ద. దాన్ని కింది కొలబద్ద అంటారు. పధ్నాలుగున్నర సెంటీమీటర్లు. పుస్తకం తెరిచి ఆవిడ చివరిసారి రాసిన వరస కింద నాలుగు గళ్ళు ఖాళీగా వదిలి, ఆ అంకె రాశాడు. అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలు పైకి నడిస్తే, మధ్యలో రెల్లు గడ్డితో నిండిన పల్లపు నేల ఒకటి వస్తుంది. అదే చిత్తడి. దాన్ని దాటాక పై కొలబద్ద. తొమ్మిది. అదీ రాశాడు. 'ఇతర విషయాలు' అనే చివరి గడిలో ఆవిడ ప్రతిరోజూ ఏదో ఒకటి కిక్కిరిసేలా రాసేది, 'తెల్లకొంగ ఒకటి కుంటుతోంది' అనో, 'ఎవరో పరుపు పారేశారు, వాళ్ళ నడుం విరగ' అనో. అతను ఆ గడిని ఖాళీగా వదిలి పుస్తకం మూసేశాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"ఎక్కడికెళ్ళావు నాన్నా? చెప్పా పెట్టకుండా!"

"వాగు దగ్గరికి."

"ఎందుకు?"

"రీడింగుకి" అన్నాడు.

రెండు వారాలకి టీచరమ్మ వచ్చింది. సంచీ అడగడానికి మొహమాటపడుతూ కుర్చీ అంచున కూర్చుంది. అతను పుస్తకం తెచ్చి చేతికిచ్చాడు. పేజీ తిప్పి చూసి ఆవిడ తలెత్తింది.

"ఇవెవరు రాశారు తమ్ముడూ?"

"నేనే అక్కగారూ."

"మీకు కష్టం కదా, ఇప్పుడు ఈ పరిస్థితిలో..."

"పొద్దున్నే ఎలాగూ లేస్తాను" అన్నాడు.

అంతే. పుస్తకం అతని దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి నాలుగేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అతన్నడిగినా అదే చెప్పేవాడు. పొద్దున్న వాగు, తర్వాత స్నానం, డ్యూటీ, సాయంత్రం ఇల్లు. టీవీ పెట్టుకునేవాడు కానీ శబ్దం పెట్టేవాడు కాదు. కొందరు "పర్వాలేదు, కోలుకున్నాడు" అన్నారు. కొందరు "రాయిరా బాబూ, రాయి" అన్నారు. రెండూ అతని చెవిన పడ్డాయి. రెండింటిలో ఏది నిజమో అతనికే తెలియదు. గ్రీజు జోకులేస్తే నవ్వాల్సిన చోట నవ్వేవాడు. ఒకసారి గ్రీజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురూ, మొన్నటి జోకు నిన్నా చెప్పాను, ఇవాళా చెప్పాను. మూడుసార్లూ ఒకేలా నవ్వావు. వింటున్నావా అసలు?"

"వింటున్నా."

"అయితే ఏంటది?"

అతను చెప్పలేకపోయాడు. ఆ రోజంతా తాళ్ళకి నూనె పట్టించే పని గ్రీజు తనే చేసి, ఇతన్ని కూర్చోబెట్టాడు.

రెండో ఏడు కూతురికి కొడుకు పుట్టాడు. ఆసుపత్రిలో బిడ్డని చేతికిస్తే, కొత్త మోటారు అందుకున్నంత జాగ్రత్తగా రెండు చేతులా పట్టుకుని, "బరువు బాగానే ఉన్నాడు" అన్నాడు. కూతురు మొహం అటు తిప్పుకుంది. అతను గమనించాడు. ఏం చెయ్యాలో తెలియక బిడ్డని తిరిగి ఇచ్చేశాడు.

వాగుకి మాత్రం మానలేదు. జ్వరం వస్తే మఫ్లరు చుట్టుకుని వెళ్ళాడు. కాలు మడతపడితే కర్ర పట్టుకుని వెళ్ళాడు. కుంభవృష్టి కురిసిన రోజు కింది కొలబద్ద మునిగిపోతే, నీళ్ళు తగ్గేదాకా కల్వర్టు మీదే గొడుగేసుకుని రెండు గంటలు నిలబడి, డ్యూటీకి ఆలస్యమై మాట పడ్డాడు. ప్రేమ ఉండి కాదు. పొద్దున్న అయిదు నుంచి ఏడు దాకా ఇంట్లో ఉండటం అతనివల్ల కాదు, అంతే. ఆ రెండు గంటల్లోనే కదా ఆవిడ ఇల్లంతా తిరుగుతూ తలుపులు తీసి, గిన్నెలు చప్పుడు చేసి, వచ్చాక చూసినవన్నీ ఏకరువు పెట్టేది.

ఒక్కటి మాత్రం అతని బుర్రకి తట్టింది. ఎండాకాలం నడిమికి పై కొలబద్ద దగ్గర చుక్క నీరుండదు, రాళ్ళు తేలి ఉంటాయి. కింది కొలబద్ద దగ్గర మాత్రం పదకొండో, పన్నెండో నిలకడగా ఉంటుంది. లెక్కల్లో పొరపాటేమోనని టీచరమ్మని అడిగాడు.

"పైన సున్నా ఉంటే కింద పన్నెండు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి అక్కగారూ? మధ్యలో ఇంకో వాగేదీ కలవదే?"

"చిత్తడి నుంచి తమ్ముడూ. వానాకాలమంతా నీళ్ళు తాగి కూర్చుంటుంది. ఎండల్లో కొంచెం కొంచెంగా వదులుతుంది."

"అంటే మధ్యలో ట్యాంకు ఉన్నట్టన్నమాట."

"అచ్చం అంతే. పైగా గోడలు లేని ట్యాంకు. కప్పలూ చేపపిల్లలూ ఎండాకాలం బతికేది దానివల్లే" అంది టీచరమ్మ. అంత తేలికగా అర్థం చేసుకున్నాడని ఆవిడకి ముచ్చటేసింది. అతను తలూపి వెళ్ళిపోయాడు.

నాలుగో ఏడు చివర్లో ఆ చిత్తడి చుట్టూ రంగు వేసిన హద్దురాళ్ళు పాతారు. ఒక కంపెనీ ఆ నేల కొనుక్కుంది. పూడ్చి చదును చేసి గోదాములు కడతామని అర్జీ పెట్టింది. 'ఏడాదిలో నాలుగు వానరోజులు తప్ప ఎండి ఉండే బీడు' అని అందులో రాసింది. సంఘం అభ్యంతరం చెప్పింది. భూముల శాఖ విచారణ పెట్టింది. టీచరమ్మ ఏడేళ్ళ కొలతలున్న ఆ పుస్తకాన్ని అడిగి తీసుకుని, "మీరు వచ్చి 'ఇవి నేను రాసినవే' అని చెప్పాలి తమ్ముడూ, అంతే" అంది. అతను ఒక పూట సెలవు పెట్టాడు. కూతురు కూడా వస్తానని వచ్చింది.

విచారణ గది చిన్నది. పొడుగాటి బల్ల, తిరగని ఫ్యాను, కిటికీ పక్కన ఫైళ్ళ గుట్ట. అధికారి కళ్ళజోడు నుదుటికెక్కించుకుని కూర్చున్నాడు. కంపెనీ తరఫు వకీలు పెద్దమనిషే, గొంతు కూడా పెంచలేదు. పుస్తకం తెరిచి అడగడం మొదలుపెట్టాడు.

"మీరు రోజూ వెళ్ళారా?"

"వెళ్ళానండి."

"రోజూ అంటే? ఆదివారాలు కూడా?"

"ఆదివారాలు కూడానండి."

"జ్వరం రాలేదా నాలుగేళ్ళలో?"

"వచ్చిందండి. వెళ్ళాను."

వకీలు అధికారి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "సార్, నేను మార్నింగ్ వాక్‌కి వారంలో మూడు రోజులు వెళ్తేనే మా ఇంట్లో సన్మానం చేస్తారు. ఈయన నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా మానలేదట. ఇది నమ్మేలా ఉందా? ఒకచోట కూర్చుని రాసిన అంకెల్లా లేవూ ఇవి?" మళ్ళీ ఇతని వైపు తిరిగాడు. "మీ ఆవిడగారు రాసినంతకాలం కొంగలు, చేపలు, పరుపులు అన్నీ రాశారు. మీరు ఒక్క అక్షరం రాయలేదు. మీకక్కడ ఏమీ కనబడలేదా?"

"కనబడ్డాయండి."

"మరి రాయలేదే?"

"రాయాలనిపించలేదండి."

గదిలో ఎవరో దగ్గారు. అధికారి పుస్తకం తన వైపు లాక్కున్నాడు. కుట్టు దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక్క పేజీ కూడా ఊడలేదు, అతికించిందీ లేదు. మెల్లగా వెనక్కి తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఇక్కడ నాలుగు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఏడేళ్ళలో ఈ నాలుగే. ఎందుకని?"

"మా ఆవిడ పోయిందండి."

అధికారి కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "ఐదో రోజు నుంచి రాత మారింది. అది మీరేనా?"

"నేనేనండి."

"ఐదో రోజే వెళ్ళారా?"

"వెళ్ళానండి. వేరే ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు."

ఆ మాట అతను గొప్పగానూ అనలేదు, దీనంగానూ అనలేదు. ఫలానా లిఫ్టులో ఫలానా బోల్టు వదులైందని చెప్పినట్టు చెప్పాడు. వకీలు పెన్ను మూత పెట్టేసి, "ఇంక నాకేం ప్రశ్నల్లేవు సార్" అన్నాడు. టీచరమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డారు తండ్రీ కూతుళ్ళు. చాలాసేపు బస్సు రాలేదు.

"ఐదో రోజు పొద్దున నువ్వు కనపడకపోతే నేనేమనుకున్నానో తెలుసా నాన్నా?" అంది కూతురు.

"ఏమనుకున్నావు?"

"నువ్వు కూడా పోయావనుకున్నాను."

అతను టిక్కెట్టుకి చిల్లర తీసి లెక్కపెట్టాడు.

"నాలుగేళ్ళయింది. అమ్మ గురించి నాతో ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. ఆ పుస్తకంతో మాత్రం రోజూ..."

"పుస్తకంతో ఏం మాట్లాడానే, అంకెలేగా."

"అంకెలైనా రాశావుగా దానికి. నాకవీ లేవు." "అసలు ఒక్కసారైనా ఏడ్చావా నాన్నా?"

"రాలేదమ్మలూ" అన్నాడు. "వస్తే ఏడ్చేవాణ్ణే. రాకపోతే ఏం చెయ్యను?" రోడ్డు వైపే చూస్తూ అన్నాడు, "నువ్వు ఏడుసార్లు చేశావు ఆ రోజు."

"నేనెప్పుడైనా నిన్ను తప్పుపట్టానా?"

"లేదు. చొక్కా పైన ఉంది."

"తెలుసు నాన్నా."

"ఫోను జేబులో ఉంది."

"తెలుసు."

బస్సు వచ్చింది. ఎక్కారు. సీటొకటే దొరికితే కూతుర్ని కూర్చోమన్నాడు. ఆమె తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.

మూడు నెలలకి ఉత్తర్వు వచ్చింది. ఆ పల్లం ఏడాది పొడుగునా వాగుకి నీరందిస్తోందని కొలతల వల్ల రుజువైందనీ, దాన్ని పూడ్చరాదనీ, చుట్టూ కొంత మేర ఏమీ కట్టరాదనీ అందులో ఉంది. కంపెనీ ఇంకో చోట నేల వెతుక్కుంది. సంఘం గదిలో సమావేశం పెట్టి, కుర్చీలు చాలక సైకిళ్ళ షాపు నుంచి స్టూళ్ళు తెచ్చి వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో "అంకితభావం" అన్నారు. ఇంకెవరో "తపస్సు" అన్నారు. అతన్ని రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాడు.

"కింది కొలబద్దకి తుప్పు పట్టింది. మార్పించాలి" అని కూర్చున్నాడు.

అందరూ నవ్వారు, మళ్ళీ చప్పట్లు కొట్టారు. అతను జోకేమీ వెయ్యలేదు. సంతోషం ఉందా అని తనలో తాను వెతుక్కున్నాడు. పాత ఇంట్లో స్విచ్చి నొక్కి బల్బు వెలుగుతుందేమోనని చూసినట్టు చూశాడు. ఏమీ వెలగలేదు. అలాగని బాధా లేదు. టీ తాగి ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున వెళ్ళి, పన్నెండు అని రాశాడు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున అయిదింటికి కూతురు తలుపు తట్టింది. పిల్లవాణ్ణి మొగుడి దగ్గర వదిలి వచ్చింది.

"నేనూ వస్తాను ఇవాళ."

"బురదగా ఉంటుంది."

"ఉండనీ."

ఇద్దరూ నడిచారు. కల్వర్టు దగ్గర అతను అంకె రాసుకుంటుంటే కూతురు గోడ పట్టుకుని వంగి చూసింది. నీళ్ళలో చేపపిల్లలు గుంపుగా ప్రవాహానికి ఎదురు నిలబడి తోకలాడిస్తున్నాయి. చిత్తడి దాకా వెళ్ళాక ఆమె ఆగిపోయింది. రెల్లు మధ్య ఎర్ర కాళ్ళ పిట్టలు రెండు బురదలో ముక్కులతో పొడుస్తున్నాయి. ఆమెకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. గట్టు మీదే కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. అతను పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో కాసేపు తెలియలేదు. చివరికి ఆమె తల మీద పెట్టాడు. అతనికి ఏడుపు రాలేదు.

"అమ్మ ఇక్కడ ఏం చేసేది నాన్నా?" అంది కూతురు మొహం తుడుచుకుని.

"ఏం చేసేది..." అతను చుట్టూ చూశాడు. "నాతో వచ్చినప్పుడు అదిగో, ఆ రాయి మీద కూర్చుని బూట్లు విప్పి ఇసక దులిపేది. ఎడమ బూటుకి చిల్లు ఉండేది. అతికిస్తానంటే వద్దనేది, నీళ్ళ చల్లదనం తెలియాలట. ఆ పిట్టలున్నాయే, వాటి కాళ్ళు చూసి 'నీకు రబ్బరు బూట్లు అక్కర్లేదులే' అనేది. పిట్టతో! నేను పక్కనుండగానే..."

తర్వాత ఇంకోటి చెప్పాడు. అది చెప్తుంటే మరోటి గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ అతని టూల్స్ పెట్టె మీది కంపెనీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి, 'మీరు బ్రేకు తప్పుగా బిగిస్తున్నారు' అన్న సంగతి. అది నిజమే అయిన సంగతి. బైండింగు జిగురు వేళ్ళకంటుకుని, అన్నం తినేటప్పుడు తిట్టుకునే సంగతి. ఎవరో పారేసిన పరుపుని ఒక్కతే ఒడ్డుకి లాగబోయి బురదలో పడితే, ఇంటికొచ్చి వారం పాటు ఆ పరుపు ఎవరిదో అని ఆరా తీసిన సంగతి. కూతురు మధ్యమధ్య నవ్వింది. మధ్యమధ్య "ఇది నాకు చెప్పనే లేదు" అంది. అతను ఒకదాని తర్వాత ఒకటి, అదే చదునైన గొంతుతో, బోల్టుల లెక్క చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాడు.

ఎండ రెల్లు మీదికి ఎక్కింది. అతను ఆగి, మెడ కింద చేత్తో తడుముకున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"గొంతు నొప్పెడుతోంది" అన్నాడు. "ఇంత మాట్లాడి చాలా రోజులైంది."

కూతురు సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది. అతను సగం తాగి, మూత బిగించి, పై కొలబద్ద వైపు నడిచాడు.